రెబ్బెన దవడ ఎవరిది? బల్లుల చుట్టరికాల్లో ఎముకల సాక్ష్యం

కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన పరిసరాల్లోని బంకమట్టి రాయిని నీళ్ళలో నానబెట్టి, సన్నటి జల్లెడలో కడిగి, ఆరాక మిగిలిన రేణువుల్ని మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటిగా ఏరితే కొన్ని దవడ ముక్కలు బయటపడ్డాయి. ఒక్కోటి కొన్ని మిల్లీమీటర్ల పొడవు. బియ్యంలో రాళ్ళు ఏరే ఓపిక ఉంటేనే అయ్యే పని ఇది. ఈ రాతిపొరల్ని కోటా ఫార్మేషన్ అంటారు. ఇవి జురాసిక్ కాలానివి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం కూడా ఈ పొరల్లోంచి వచ్చిందే. ఆ డైనోసార్ పక్కన నిలబడి ఫొటో దిగినవాళ్ళు చాలామందే ఉంటారు. అవే పొరల్లో దొరికిన ఈ బుల్లి దవడల పేరు విన్నవాళ్ళు తక్కువ. బల్లుల చరిత్ర చదివేవాళ్ళకు మాత్రం డైనోసార్ కంటే ఈ దవడలే ఎక్కువ తలనొప్పి తెచ్చాయి.

సూసన్ ఎవాన్స్, జి.వి.ఆర్. ప్రసాద్, బి.కె. మన్హాస్ 2002లో వీటిని వర్ణించి 'భారతగామా రెబ్బనెన్సిస్' అని పేరు పెట్టారు. మన తొండలు, ఊసరవెల్లులు ఉన్న శాఖకు చెందిన బల్లి అని తేల్చారు. అంతకు ముందు ఏడాదే ఆ ముగ్గురూ కోటా పొరల్లోంచే మరో రెండు జంతువుల్ని వర్ణించారు. వాటి పేర్లు రెబ్బనసారస్, గోదావరిసారస్. చిత్రమేమిటంటే అవి బల్లులు కావు. న్యూజీలాండ్‌లో ఇప్పటికీ బతికి ఉన్న టువాటారాకు బంధువులు. పాఠ్యపుస్తకాల్లో స్ఫీనోడాన్ అని చదువుకున్నది దీని గురించే. చూడ్డానికి అచ్చం బల్లిలా ఉంటుంది, కానీ బల్లుల నుంచి 20 కోట్ల ఏళ్ళకు ముందే విడిపోయిన వేరే శాఖ.

ఒకే రాతిపొర, ఇంచుమించు ఒకే సైజు ముక్కలు, దవడ మీద పళ్ళు అతుక్కున్న తీరు కూడా దగ్గర దగ్గరే. అందులో ఒకటి తొండ చుట్టం, మిగతా రెండూ టువాటారా చుట్టాలు అని ఎలా చెప్పగలిగారు? ఆ తరవాత కొందరు పరిశోధకులు భారతగామా కూడా టువాటారా వైపుదేనేమో అని ఎందుకు అనుమానించారు? ఎముకల పోలికతో చుట్టరికం కలిపే పద్ధతి ఎక్కడ గట్టిగా నిలబడుతుందో, ఎక్కడ తడబడుతుందో ఈ ఒక్క తగువులోనే చూడొచ్చు.

ముందు మాటల ఇబ్బంది ఒకటి తీర్చుకోవాలి. తెలుగులో బల్లి అంటే గోడ మీద పాకేదే గుర్తొస్తుంది. ఈ వ్యాసంలో బల్లులు అంటే తొండ, ఉడుము, నలికిరి, ఊసరవెల్లి అన్నీ కలిసిన మొత్తం వర్గం. గోడ మీదిదాన్ని ఇంటి బల్లి అందాం.

పన్ను ఎక్కడ అతుక్కుంది?

మనిషి పన్ను దవడ ఎముకలోని గుంటలో దిగబడి ఉంటుంది. బల్లులకు అలాంటి గుంటలు లేవు. ట్యూబ్‌లైట్ వెనక ఎండిపోయి దొరికే ఇంటి బల్లి దవడను లెన్స్ కింద పెట్టి లోపలి వైపు నుంచి చూస్తే సంగతి తెలుస్తుంది. దవడ బయటి అంచు పిట్టగోడలా లేచి ఉంటుంది. సన్నటి కడ్డీల్లాంటి పళ్ళు ఆ గోడకు లోపలి వైపు ఆనించి, వరసగా నిచ్చెనలు పెట్టినట్టు నిలబడి ఉంటాయి. కొన్ని పళ్ళ మొదట్లో చిన్న తొర్ర కనిపిస్తుంది. అక్కడ కొత్త పన్ను తయారవుతూ పాతదాని మొదలును కరిగిస్తోందన్నమాట. బతికున్నంత కాలం ఈ పళ్ళు రాలుతూ, మళ్ళీ వస్తూ ఉంటాయి. ఈ ఏర్పాటుకు ప్లూరోడాంట్ అని పేరు. ఉడుము, నలికిరి, అమెరికా ఇగువానా అన్నీ స్థూలంగా ఈ బాపతే.

తొండ దవడ తీసుకుంటే లెక్క మారిపోతుంది. ముందు వైపు రెండు మూడు పళ్ళు వదిలేస్తే, మిగతావి దవడ అంచు మీదే, ఎముకతో ఏకమైపోయి, రంపం పళ్ళలా త్రికోణాలుగా ఉంటాయి. పన్ను ఎక్కడ ఆగిందో, ఎముక ఎక్కడ మొదలైందో గీత గీయడం కష్టం. ఇవి రాలవు, మళ్ళీ రావు. దవడ పెరిగేకొద్దీ వెనక చివర కొత్త పళ్ళు చేరతాయి, అంతే. అందుకే ముసలి తొండ నోట్లో ముందున్నవి బాగా అరిగిపోయి, వెనకవి పదునుగా ఉంటాయి. దీన్ని ఆక్రోడాంట్ అంటారు. ఊసరవెల్లి దవడా ఇదే తరహా.

'తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుంది' అనేది మనుషుల్ని దెప్పడానికి వాడే సామెత. తొండ ఎంత ముదిరినా ఊసరవెల్లి కాదు గానీ, ఈ రెంటినీ ఒక జట్టుగా చూసిన సామెత చూపు మాత్రం తప్పు కాదు. పట్టకారులాంటి పాదాలు, ఎటు పడితే అటు తిరిగే కళ్ళు, దూసుకొచ్చే నాలుక ఉన్న ఊసరవెల్లి పైకి ఏ బల్లినీ పోలదు. దవడ చూస్తే తొండకు దగ్గర బంధువు అని బయటపడుతుంది. తరవాత వచ్చిన డీఎన్ఏ పోలికలు కూడా అదే చెప్పాయి. బల్లుల వర్గీకరణలో ఎముకలు సాధించిన మంచి విజయాల్లో ఇదొకటి.

1831 నాటి పొరపాటు

అదే దవడ ఎముక ఒకసారి ఘోరంగా మోసం చేసింది. లండన్‌లో జాన్ ఎడ్వర్డ్ గ్రే 1831లో ఒక పుర్రెను పరిశీలించి, 'అగామా తలలోని ఒక విచిత్ర నిర్మాణం' గురించి చిన్న నోట్ రాశాడు. అగామా అంటే తొండల కుటుంబంలోదే. పళ్ళు దవడ అంచు మీద అతుక్కుని ఉన్నాయి, కాబట్టి తొండ జాతి అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. స్ఫీనోడాన్ అన్న పేరు ఆ పుర్రె మీదే పుట్టింది. 1842లో అదే జాతి జంతువు శరీరంతో సహా చేతికొస్తే, పాత పుర్రె దీనిదే అని గుర్తుపట్టక, ఆయన హాటీరియా అని ఇంకో పేరు పెట్టాడు.

పాతికేళ్ళ తరవాత, 1867లో, ఆల్బర్ట్ గుంథర్ ఆ జంతువును ఎముక ఎముకగా విప్పి చూశాడు. పళ్ళ దగ్గర ఆగిపోకుండా మొత్తం అస్థిపంజరాన్ని బల్లులతో పోల్చాడు. బల్లుల్లో కింది దవడ వేలాడే క్వాడ్రేట్ ఎముక తలుపు బందులా ముందుకీ వెనక్కీ కదులుతుంది. ఇందులో అది పుర్రెకు గట్టిగా బిగుసుకుపోయి ఉంది. కణత దగ్గర బల్లులకు పైన ఒక ఎముక కమ్మీ మాత్రమే ఉంటుంది, కింద ఖాళీ. ఇందులో రెండు కమ్మీలూ ఉన్నాయి. పొట్ట చర్మం కింద అడ్డంగా సన్నటి ఎముకల వరస ఉంది. పక్కటెముకలకు పక్షుల్లోలాగా కొక్కేల్లాంటి పలుచని ముక్కలు ఉన్నాయి. నోరు తెరిచి అంగిలి చూస్తే, పై దవడ పళ్ళకు సమాంతరంగా ఇంకో పళ్ళ వరస. కింది దవడ పళ్ళు ఆ రెండు వరసల మధ్య గాడిలో ఇమిడి, నమిలేటప్పుడు ముందుకు జరుగుతాయి. ఇన్ని తేడాలు ఉన్నదాన్ని బల్లి అనలేమని, దానికి ప్రత్యేకంగా ఒక క్రమాన్నే కేటాయించాడు గుంథర్.

ఒక్క లక్షణంతో తీర్పు చెప్పొద్దు, పదింటిని కలిపి చూడు అన్న పాఠం ఇక్కడ తేలిగ్గానే దొరుకుతుంది. కానీ కథలో ఇంకో మెలిక ఉంది. రెండు కమ్మీల పుర్రె పాతకాలపు సరీసృపాల నమూనా కాబట్టి టువాటారా ఆ పాత రూపాన్ని అలాగే నిలబెట్టుకుందని, బల్లులు కింది కమ్మీని పోగొట్టుకున్నాయని చాలాకాలం అనుకున్నారు. తరవాత వేల్స్‌లో దొరికిన జెఫైరోసారస్ లాంటి తొలినాటి టువాటారా బంధువుల్లో ఆ కింది కమ్మీ పూర్తిగా లేదని తేలింది. అంటే టువాటారా పూర్వీకులు దాన్ని పోగొట్టుకుని, ఆ తరవాత మళ్ళీ తెచ్చుకున్నారు. గుంథర్ తీర్పు సరైనదే గానీ, అందులో ప్రముఖంగా కనబడిన సాక్ష్యం ఒకటి అనుకున్నంత పాతది కాదు.

ఆక్రోడాంట్ పళ్ళ సంగతీ ఇంతే. అవి టువాటారా వైపు ఒకసారి, తొండల వైపు ఇంకోసారి వేరువేరుగా పుట్టాయి. నేలలో బతికే, వానపాముల్లా కనిపించే ఆంఫిస్బీనియన్లలో ఒక కుటుంబానికి కూడా విడిగా ఇవే పళ్ళు వచ్చాయి. పళ్ళు మార్చుకోకుండా, అరిగినకొద్దీ దవడ అంచునే కత్తిలా వాడుకునే పద్ధతి పనికొచ్చేది కాబోలు.

ఈ రెండు వర్గాల పళ్ళు ఎలా పెరుగుతాయో, ఎలా అరుగుతాయో పక్కపక్కన పెట్టి 1976లో రాసిన శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్. ఆమె పోల్చినవి టువాటారానూ, ఎడారుల్లో బతికే ముళ్ళతోక బల్లి యూరోమాస్టిక్స్‌నూ. మనకు సంబంధించిన విషయం ఏమిటంటే, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో దాని స్థాపకుడు మహలనోబిస్ ఆహ్వానం మీద భూగర్భ పరిశోధన విభాగం నిలదొక్కుకోవడానికి సాయపడింది ఆమే. ప్రాణహిత గోదావరి లోయలో శిలాజాల వేట ఒక పద్ధతి ప్రకారం సాగడానికి ఆ విభాగమే పెద్ద కారణం. ఏ పళ్ళ పోలిక మీద ఆమె రాశారో, సరిగ్గా ఆ చిక్కుముడే ఆమె తిరిగిన లోయలోంచి తరవాత బయటపడింది.

పిల్లతనం వదలని బల్లి

ఎముకలు మోసం చేసే దారి ఇంకొకటి ఉంది. దానికి ఉదాహరణ ఇంట్లోనే దొరుకుతుంది.

ఇంటర్ జంతుశాస్త్రంలో కప్ప వెన్నుపూసల పాఠం చదివినవాళ్ళకు ముందు వైపు గుంట ఉన్న పూస, రెండు వైపులా గుంట ఉన్న పూస అని బట్టీ పట్టిన రోజులు గుర్తుండే ఉంటాయి. బల్లుల్లో ఎక్కువ వాటికి పూస ముందు గుంట, వెనక బుడిపె ఉంటాయి. ఒకదాని బుడిపె ఇంకోదాని గుంటలో కూర్చుంటుంది. ఇంటి బల్లి పూసకు రెండు వైపులా గుంటే. చేప వెన్నుపూస గుర్తొస్తుంది. దానికి తోడు తల మీది పెరైటల్ ఎముక పెద్దయినా రెండు ముక్కలుగానే ఉంటుంది. కణత దగ్గర పై కమ్మీ ఉండదు, కంటి వెనక కమ్మీ కూడా పూర్తిగా ఉండదు. ఇవన్నీ చూసి, ఇది చాలా పాతకాలపు బల్లి అని, ఆదిమ రూపం మారకుండా మిగిలిపోయిందని ఒక వాదన నడిచింది.

కానీ ఈ లక్షణాలు మిగతా బల్లుల్లో కూడా కనిపిస్తాయి. ఎప్పుడంటే, గుడ్డులో పిండంగా ఉన్నప్పుడు. వాటిలో తరవాత ఎముకలు అతుక్కుంటాయి, పూసలకు బుడిపె వస్తుంది. ఇంటి బల్లిలో ఆ చివరి పని జరగకుండానే ఎదుగుదల ఆగిపోతుంది. పైగా, ఇంటి బల్లుల పెద్ద వర్గంలోనే ముందుగా చీలిపోయిన కొన్ని కుటుంబాల్లో, అంటే కనురెప్పలున్న యూబ్లెఫారిస్ లాంటి వాటిలో, పూసలు మామూలు బల్లుల్లాగే ఉన్నాయి. యూబ్లెఫారిస్‌లో ఒక జాతి మన తూర్పు కనుమల్లోనూ ఉంది. కాబట్టి రెండు గుంటల పూసను తాతల ఆస్తి అనడం కంటే, తరవాత వచ్చిన మార్పు అనుకోవడమే సబబు.

చుట్టరికం లెక్కలో ఈ తేడా చాలా పెద్దది. తొండకూ ఇంటి బల్లికీ పాదానికి 5 వేళ్ళున్నాయి. మనకూ 5 ఉన్నాయి. అందువల్ల ఎవరు ఎవరికి దగ్గరో ఏమీ తెలియదు, అది అందరికీ పాత ఆస్తి. కొత్తగా వచ్చి, కొందరిలోనే ఉన్న మార్పులే బంధుత్వానికి సాక్ష్యం. జర్మన్ కీటక శాస్త్రవేత్త విల్లీ హెనిగ్ 1950లో దీన్ని ఒక సూత్రంగా కట్టాడు. ఆ పేరూ పద్ధతీ రాకముందే, 1923లో అమెరికన్ మ్యూజియం తరఫున చార్లెస్ క్యాంప్ బల్లుల వర్గీకరణ రాస్తూ ఏ లక్షణం పాతది, ఏది కొత్తది అని తూకం వేసే ప్రయత్నం చేశాడు. ఆ పని దశాబ్దాల పాటు ప్రామాణికంగా నిలబడింది.

610 లక్షణాలు, ఎంతమంది సాక్షులు?

క్యాంప్ తరవాత పని క్రమంగా పట్టికల్లోకి మారింది. అడ్డం వరసల్లో జంతువులు, నిలువు వరసల్లో లక్షణాలు. కింది దవడలోని మెకెల్ గాడి తెరిచి ఉంటే 0, గొట్టంలా మూసుకుపోతే 1. ముక్కు ఎముకలు రెండుగా ఉంటే 0, ఉడుములోలాగా ఒక్కటైపోతే 1. మెడ పూసలు 8 ఉంటే ఒక అంకె, ఉడుములోలాగా 9 ఉంటే ఇంకో అంకె. తోక పూసల్లో తెగిపోవడానికి ముందే సిద్ధంగా ఉండే బలహీనమైన గీత ఉందా, లేదా? ఇంటి బల్లికి ఉంది, తొండకూ ఉడుముకూ లేదు. తెగి మళ్ళీ మొలిచిన తోకను ఎక్స్‌రే తీస్తే పూసలు కనబడవు, మృదులాస్థి గొట్టం మాత్రమే ఉంటుంది. అందుకని పూసలు లెక్కపెట్టేవాళ్ళు ముందు ఆ తోక అసలుదా, మొలిచిందా అని చూసుకోవాలి.

1988లో ఎస్టెస్, డి కైరోజ్, గోతియే కలిసి 148 లక్షణాలతో పట్టిక వేశారు. 2012లో గోతియే బృందం దాన్ని 610 లక్షణాలు, 192 జాతుల దాకా పెంచింది. రెండు సార్లూ వచ్చిన జవాబు దాదాపు ఒకటే: తొండలు, ఊసరవెల్లులు, ఇగువానాలు ఒక కొమ్మ, మిగతావన్నీ ఇంకో కొమ్మ. ఈలోగా డీఎన్ఏ ఒప్పుకోలేదు. 2005లో విడాల్, హెడ్జెస్ ప్రచురించిన జన్యు పోలికలో ఇంటి బల్లుల వర్గం చాలా ముందే చీలిపోయింది. తొండల కొమ్మ మాత్రం ఉడుములు, పాముల పక్కకు వచ్చి చేరింది. తొండకు ఇంటి బల్లి కంటే తాచుపాము దగ్గర చుట్టం అన్నమాట. వినగానే ఎవరికీ మింగుడు పడని మాట.

610 లక్షణాలు ఒక వైపు చెబుతుంటే అది తప్పెలా అవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు కాళ్ళులేని బల్లుల్లో ఉంది. విశాఖ ప్రాంతంలోనూ, ఒడిశా చిలికా సరస్సులోని బర్కుడా దీవిలోనూ మట్టిలో బతికే బార్కుడియా అనే నలికిరి ప్రజాతి ఉంది. దానికి కాళ్ళు లేవు. చూసినవాళ్ళు పాము అనే అంటారు. అలా మట్టిలోకి దిగిన ప్రతి బల్లికీ ఒకే ఒత్తిడి: తలతో తవ్వాలి. తలతో తవ్వాలంటే పుర్రె గట్టిపడాలి, ఎముకలు ఒకదానికొకటి బిగుసుకోవాలి. చీకట్లో పెద్ద కళ్ళతో పని లేదు, కాబట్టి కంటి చుట్టూ ఉన్న కమ్మీలు తగ్గిపోతాయి. చెవి రంధ్రం మట్టితో నిండకుండా మూసుకుపోతుంది. కాళ్ళు అడ్డం, కాబట్టి పోతాయి. ఒళ్ళు సాగుతుంది, వెన్నుపూసలు పెరుగుతాయి. పట్టికలో ఇవి 30, 40 నిలువు వరసల్లో విడివిడి అంకెలుగా కనిపించొచ్చు. అసలు జరిగింది మాత్రం ఒక్కటే, మట్టిలోకి దిగడం. ఒకే సాక్షి 40 కాగితాల మీద సంతకం పెట్టినంత మాత్రాన 40 మంది సాక్షులు కారు.

ఎముకల పట్టికలు పాముల్ని, ఆంఫిస్బీనియన్లను, డైబమిడ్లు అనే మట్టిలో బతికే మరో రకం బల్లుల్ని తరచూ ఒకే మూలకు తోసెయ్యడానికి కారణం ఇదే. డీఎన్ఏ ప్రకారం ఆ మూడూ మూడు వేర్వేరు చోట్ల ఉన్నాయి. ఆంఫిస్బీనియన్లు యూరప్ గోడల మీద ఎండ కాచుకునే లాసెర్టిడ్ బల్లులకు దగ్గర.

అలాగని ఎముకలు ఓడిపోయాయి, డీఎన్ఏ గెలిచింది అని ముగించెయ్యడం తొందరపాటు. జర్మనీలోని మెసెల్ గనిలో దొరికిన సుమారు 4.7 కోట్ల ఏళ్ళ నాటి క్రిప్టోలాసెర్టా అనే శిలాజాన్ని 2011లో వర్ణించారు. దానికి కాళ్ళున్నాయి, కానీ పుర్రె అప్పటికే గట్టిపడటం మొదలైంది. లాసెర్టిడ్లకూ ఆంఫిస్బీనియన్లకూ మధ్య వంతెనలా ఉందని దాన్ని వర్ణించినవాళ్ళు అన్నారు. దీని మీద వాదనలు ఆగలేదు గానీ, జన్యువులు చెప్పినదానికి ఎముక సాక్ష్యం ఇలా దొరకొచ్చు అని మాత్రం తేలింది. 2015లో 46 జన్యువుల్ని, 691 శరీర లక్షణాల్ని ఒకే లెక్కలో కలిపితే జన్యువుల వైపే మొగ్గు వచ్చింది. 2018లో ఇటలీ డోలమైట్ కొండల్లోని మెగాకిరెల్లా అనే శిలాజాన్ని సీటీ స్కాన్ చేసి, లక్షణాల పట్టికను కొత్తగా, జాగ్రత్తగా కట్టుకుంటూ వచ్చారు. సుమారు 24 కోట్ల ఏళ్ళ కిందటిది అది, పాములూ బల్లుల వర్గంలో తెలిసినవాటిలో అతి పాతదని అన్నారు. ఆ పట్టికలో డీఎన్ఏ కలపకుండానే ఇంటి బల్లుల వర్గం ముందు చీలిన కొమ్మగా వచ్చింది. అంటే తప్పు ఎముకల్లో కంటే, ఏ లక్షణాన్ని ఎన్నిసార్లు లెక్కపెట్టామన్న దగ్గరే ఎక్కువ ఉందనుకోవాలి.

ఒక్క దవడ, 20 కోట్ల ఏళ్ళ తేడా

ముక్క చిన్నదైనకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. మధ్యప్రదేశ్‌లోని టికి ఫార్మేషన్ ట్రయాసిక్ పొరలు. డైనోసార్లు అప్పుడప్పుడే మొదలవుతున్న కాలం. అక్కడ దొరికిన ఒక కింది దవడ ముక్కను 2006లో 'టికిగువానియా' అని వర్ణించారు. ప్రపంచంలోకెల్లా పాత బల్లి అన్నారు. పళ్ళు ఆక్రోడాంట్, చక్కగా తొండ దవడలాగే ఉంది. అదే నిజమైతే ట్రయాసిక్ నాటికే తొండల శాఖ విడిపోయి ఉండాలి, దానికంటే ముందు చీలిన బల్లుల శాఖలన్నీ ఇంకా పాతవై ఉండాలి. మొత్తం కాలపట్టికనే వెనక్కి జరపాలి. డీఎన్ఏ తేడాల్ని బట్టి శాఖలు ఎప్పుడు చీలాయో లెక్కగట్టే 'డీఎన్ఏ గడియారాల'కు కొందరు దీన్నే గుర్తుగా పెట్టుకున్నారు కూడా.

2012లో హచిన్సన్, స్కిన్నర్, లీ దాన్ని ఇప్పటి ఆసియా తొండలతో పోల్చి చూశారు. తేడా దొరకలేదు. మన దేశంలో ఈనాడు తిరుగుతున్న తొండల ఉపకుటుంబంలోనే అది చక్కగా ఇమిడిపోయింది. 20 కోట్ల ఏళ్ళుగా ఏమీ మారని దవడ అనుకోవడం కంటే, ఇటీవలి తొండ దవడ ఒకటి పాత రాళ్ళ మీద పడి కలిసిపోయిందనుకోవడం తేలిక అని వాళ్ళ వాదన. ఇందులో ఎవరి నిజాయితీనీ శంకించాల్సిన పని లేదు. బీటలు వారిన నేలలో ఎలుక బొరియ ఒక్కటి చాలు, నిన్నటి ఎముకను ట్రయాసిక్‌లోకి దింపడానికి.

చిక్కు రెండో చివరా ఉంది. మరీ దగ్గరి జాతుల్ని విడదీయాల్సి వచ్చినప్పుడు ఎముకలు పెద్దగా సాయపడవు. పాకిస్తాన్ నుంచి ఆగ్నేయాసియా దాకా ఉన్న తోట తొండలన్నిటినీ కేలోటిస్ వెర్సికలర్ అనే ఒకే పేరుతో పిలిచేవాళ్ళు. 2021లో దాన్ని కొన్ని జాతులుగా విడగొట్టినప్పుడు ఆధారపడింది డీఎన్ఏ మీద, పొలుసుల లెక్కలూ శరీర కొలతల మీద. పుర్రెలు పక్కపక్కన పెడితే ఎవరిదేదో చెప్పడం అనుభవజ్ఞులకూ కష్టమే. పైగా ఒకే జాతిలో మగ తొండ దవడలు ఆడదాని కంటే బలిసి ఉంటాయి, పిల్ల తొండ ఎముకలు ఇంకా అతుక్కుని ఉండవు. వయసు, లింగం చూసుకోకుండా పోలిస్తే ఒకే జాతిలో రెండు జాతులు కనబడతాయి.

ఎముకల పోలిక బలంగా పనిచేసేది ఈ రెండు చివరల మధ్య, కుటుంబాలు, ప్రజాతుల స్థాయిలో. తొండా ఊసరవెల్లీ ఒక జట్టని చెప్పడం, ఉడుమును 9 మెడ పూసలతోనూ ఒక్కటైన ముక్కు ఎముకతోనూ గుర్తుపట్టడం, నలికిరిని పొలుసుల కింద చిన్న పలకలు కలిసి ఏర్పడిన ఎముక కవచంతో తేల్చడం లాంటివన్నీ అక్కడ దాదాపు తడబడకుండా జరిగిపోతాయి. శిలాజాల విషయంలో అయితే వేరే దారే లేదు. కోట్ల ఏళ్ళ నాటి రాతిలో డీఎన్ఏ మిగలదు.

పనిముట్లు మాత్రం చాలా మారాయి. ఒకప్పుడు ఎముకలు చూడాలంటే నమూనాను పాడుచెయ్యక తప్పేది కాదు. మాంసం తినే డెర్మెస్టిడ్ పురుగులకు వదిలేసి ఎముకలు శుభ్రం చేయించేవాళ్ళు. లేదా కండను పారదర్శకంగా మార్చి, ఎముకకు ఎలిజరిన్ ఎరుపు, మృదులాస్థికి ఆల్షియన్ నీలం పట్టించి గ్లిజరిన్‌లో పెట్టేవాళ్ళు. గాజుసీసాలో ఎర్రటి అస్థిపంజరం ఒక్కటే తేలుతున్నట్టు ఉంటుంది. ఇప్పుడు సీసాలోంచి తీసి సీటీ స్కాన్ చేసి మళ్ళీ సీసాలో పెట్టేస్తున్నారు. అమెరికాలో ఓవర్ట్ ప్రాజెక్టు కింద ఇలా 13 వేలకు పైగా వెన్నెముక జీవుల నమూనాల్ని స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టారు. రెబ్బెన దవడను పోల్చి చూడటానికి ఇప్పుడు లండన్ మ్యూజియం దాకా వెళ్ళక్కర్లేదు, చాలా పుర్రెలు కంప్యూటర్ తెర మీదే తిప్పి చూడొచ్చు.

అయినా భారతగామా తగువు తెర మీద తేలేది కాదు. ముందు పళ్ళు ఒక రకం, వెనక పళ్ళు అంచుకు అతుక్కున్న రకం అనే ఏర్పాటు తొండల్లోనూ ఉంది, పాతకాలపు టువాటారా బంధువుల్లోనూ ఉంది. ఆక్రోడాంట్ బల్లులవని గట్టిగా చెప్పగల శిలాజాలు ఎక్కువగా దాని తరవాతి క్రెటేషియస్ కాలానివి. బ్రెజిల్‌లో దొరికి 2015లో వర్ణించిన గ్వెరాగామా వయసు సుమారు 8 కోట్ల ఏళ్ళే. అంటే జురాసిక్ నాటి భారతగామాకు, తరవాతి చుట్టాలకు మధ్య కోట్ల ఏళ్ళ ఖాళీ ఉంది. అదే పొరల్లో టువాటారా బంధువులు రెండు ఉండగా, మూడోదాన్ని మాత్రం తొండ అనడానికి దవడ ముక్కల కంటే గట్టి ఆధారం ఉంటే బాగుండునని అనిపించడం సహజం. టికిగువానియా అనుభవం తరవాత ఈ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువే ఉండాలి. అయితే రెండు కేసులూ ఒకటి కావు. భారతగామా ఒక్క ముక్క కాదు, చాలా ముక్కలు. ఇప్పటి ఏ తొండ దవడతోనూ అది అచ్చుగుద్దినట్టు సరిపోదు కూడా.

కావలసింది అంగిలి. దవడతో కలిసి ఉన్న పుర్రె ఒక్కటి కోటా పొరల్లో దొరికి, దాని అంగిలి మీద పై దవడకు సమాంతరంగా రెండో పళ్ళ వరస ఉంటే అది గోదావరిసారస్ వైపు చేరుతుంది. ఆ చోటు నున్నగా ఉంటే తొండ వైపు ఉంటుంది. గోటి మీద పట్టేంత ఎముక అది. రెబ్బెన మట్టిని జల్లెడ పట్టే పని సాగితే ఎప్పుడైనా దొరకొచ్చు.